వైద్యశాలలోని ఒజ్జలు

మన దేశమున పాశ్చాత్యవైద్యము వేరూనిన కథను చెప్పువారు సాధారణముగా ఆసుపత్రుల శంకుస్థాపనలను, ప్రభువుల విరాళములను, ప్రఖ్యాత శస్త్రవైద్యుల హస్తలాఘవమును వర్ణించి తృప్తిపడుదురు. ఆ ఆసుపత్రులలో తెల్లవారుజామున గాయములు కడిగి కట్లు కట్టినవారును, మందులు కలిపి సీసాలకు చీటీలు అంటించినవారును, అర్ధరాత్రమున లాంతరు పట్టుకొని పురుళ్లు పోయుటకు బయలుదేరినవారును ఆ పనులను ఎక్కడ, ఎవరియొద్ద, ఏ భాషలో నేర్చుకొనిరన్న ప్రశ్న ఆ కథలలో అరుదుగా వినబడును. డ్రెస్సరు, కాంపౌండరు, మంత్రసాని, నర్సు, హాస్పిటల్ అసిస్టెంటు, ఎల్.ఎం.పి. డాక్టరు — పల్లెటూరి రోగికి వైద్యశాస్త్రమనగా శతాబ్దికాలము వీరే. వీరికి పాఠము చెప్పుట, పట్టభద్రులు కాబోవువారికి పాఠము చెప్పుటకంటె కష్టతరమైన పని. కళాశాలకు వచ్చు విద్యార్థులెల్లరు ఒకే పరీక్ష దాటి, ఒకే భాష పట్టుబడిన పిమ్మట వత్తురు. ఈ చిన్న పాఠశాలల గడప తొక్కినవారిలోనో, సైనికుల కుమారులు, హకీముల బిడ్డలు, ఘోషా స్త్రీలు, వితంతువులు, అంటరానివారని ఊరివెలుపల నిలువబడిన కుటుంబముల కన్యలు, అక్షరమెరుగని ముదుసలులు, అందరును కలరు. అట్టి శిష్యుల చెంతకు గురువు తానై ఎంతవరకు వెళ్లగలిగెనో అంతవరకే ఆ విద్య ఫలించినదని, ఈ చరిత్రను పరిశీలించినకొలది నాకు దృఢమగుచున్నది.

1835వ సంవత్సరమున, సర్ ఫ్రెడరిక్ ఆడమ్ గవర్నరుగా నుండగా, మదరాసులో ఒక వైద్యపాఠశాల తెరువబడెను. డాక్టర్ విలియం మార్టిమర్ దానికి పర్యవేక్షకుడు. నేడు మదరాసు వైద్యకళాశాల యని ప్రసిద్ధికెక్కిన సంస్థకు మొలక అదియే. అయితే అది డాక్టర్లను తయారుచేయుటకై పుట్టినది కాదు. సైనికాసుపత్రులలో దొరల చేతిక్రింద పనిచేయవలసిన అపోతికరీలకును, డ్రెస్సర్లకును తరిఫీదు నిచ్చుటకై పుట్టినది. యూరపియను, యూరేసియను కుర్రవాండ్రు అపోతికరీలగుటకు వచ్చిరి. దేశీయులు డ్రెస్సర్లగుటకు వచ్చిరి. జీతమునందును హోదాయందును వీరి నడుమ గోడ యుండినను శరీరశాస్త్రము మాత్రము ఇరువురికి నొక్కటియే. మదరాసు పాఠశాల 1850 నాటికి కళాశాల యాయెను.

ప్రసవవిద్యను గూర్చి కొంత విపులముగా చెప్పవలెను. ఇతర శాఖలలో గురువు శిష్యునకు తెలియని విద్యను నేర్పును. ఈ శాఖలో మాత్రము శిష్యురాలు తనకు సంపూర్ణముగా తెలిసియున్నదని నమ్మిన విద్యనే తిరిగి నేర్పవలసివచ్చెను. మంత్రసానితనము తల్లినుండి కూతురికి, అత్తనుండి కోడలికి సంక్రమించిన వృత్తి. నూరు కాన్పులు చేసిన స్త్రీని, ఒక్క కాన్పు చూడని కుర్ర డాక్టరు, దుబాసి సాయముతో, నీకేమియు తెలియదనుచుండిన పక్షమున ఆమె కొంగు దులుపుకొని లేచిపోవుటలో ఆశ్చర్యమేమి గలదు? ఈ సంగతిని గ్రహించిన తొలిదొరలలో ఎడ్వర్డ్ బాల్ఫర్ ఒకడు. ఆయన మదరాసు సైన్యమున వైద్యుడై చేరి, కడకు సర్జన్ జనరల్ పదవి నధిష్ఠించినవాడు; భారతదేశమును గూర్చిన విషయసర్వస్వమును కూర్చిన పండితుడు. డాక్టర్ కాన్‌క్వెస్ట్ రచించిన ప్రసవశాస్త్రగ్రంథమును ఆయన స్వయముగా హిందూస్థానీలోనికి మార్చి, తెలుగు, తమిళ, కన్నడములలోనికి ఇతరులచే మార్పించి, స్వంతఖర్చుతో అచ్చొత్తించెను. ఆ గ్రంథమును చదువగల మంత్రసానులు ఆనాడు మిక్కిలి కొద్దిమంది. అయినను దానిని తెనుగున చదివి, తెనుగున చెప్పగల ఉపాధ్యాయులు ఏర్పడుటకు అది మార్గమాయెను.

తరువాతి దశాబ్దములలో 'దాయీ'ల తరగతులు అక్కడక్కడ నడిచినవి. ఆ తరగతిలో పలకయు లేదు, పుస్తకమును లేదు. బల్లమీద ఎండిన కటివలయపుటెముక యుండును; గుడ్డతో కుట్టిన శిశువు బొమ్మ యుండును. బోధకురాలు ఆ బొమ్మను ఎముకలగుండ మెల్లగా నడిపించి, తల ఎటు తిరుగునో, భుజమెచ్చట చిక్కుకొనునో చూపి, పిమ్మట శిష్యురాలి చేతికిచ్చి చేయుమనును. గోళ్లు కత్తిరించుకొనుట, మోచేతులవరకు సబ్బుతో రుద్దుకొనుట, బొడ్డుకోయు కత్తెరను దారమును నీళ్లలో మరగించుట — ఈ మూడింటిని నోటితో చెప్పించి, చేతితో చేయించి, మరునాడు మరల మొదటినుండి చేయించుచుందురు. పురిటింట కొడవలితోనో వెదురుబద్దతోనో బొడ్డుకోసి, దానిపై బూడిద యద్దుటవలన ఎందరు పసిబిడ్డలు ధనుర్వాతమున గతించిరో ఎవరు లెక్కింపగలరు! 1903లో లేడీ కర్జన్ పూనికతో ఏర్పడిన విక్టోరియా స్మారకనిధి ఈ తరగతులకు దేశవ్యాప్తమైన ఊత నిచ్చెను. అందొక మెలకువ కలదు: తరగతికి వచ్చిన దినమున మంత్రసానికి కొంత సొమ్ము ముట్టజెప్పుచుండిరి, ఏలయన ఆ దినమున ఆమె కోల్పోయిన కూలి ఆమె ఇంటి గంజి. పేదశిష్యురాలి కాలమునకు వెల కలదని గుర్తించిన ఈ చిన్న ఏర్పాటును నేను పెద్ద శాస్త్రసిద్ధాంతములతో సమానముగా గౌరవింతును. 1926లో మదరాసు శాసనసభ నర్సుల, మంత్రసానుల చట్టమును చేసి, శిక్షణ పొందినవారి పేర్లు పట్టికలో నెక్కించు పద్ధతిని స్థాపించెను.

ఇక హైదరాబాదు కథ. అచ్చట 1846లో రెసిడెన్సీ సర్జనైన డాక్టర్ విలియం క్యాంబెల్ మెక్లీన్, నాలుగవ నిజామగు నాసిరుద్దౌలా ఆదరముతో ఒక వైద్యపాఠశాలను ఆరంభించెను. నవాబునకు ఆయన చేసిన చికిత్సయే ఆ ఆదరమునకు కారణమని చెప్పుదురు. బోధనాభాష ఉర్దూ. ఈ నిర్ణయముయొక్క సాహసమును నేడు పూర్తిగా ఊహించుట కష్టము. ఇంగ్లీషున తప్ప ఆధునికశాస్త్రమును చెప్పరాదను వాదము మెకాలే కాలమునుండి దేశమంతట జయభేరి మ్రోగించుచున్న దినములలో, ఆ దొర రక్తప్రసరణమును, ఎముకల కీళ్లను, జ్వరముల భేదములను స్థానికభాషలో చెప్పుటకు సిద్ధపడెను. ఆ శిష్యులు పట్టమును పొందినపుడు వారికి లభించిన బిరుదము 'హకీము'. పాతబస్తీ గడపలలో ప్రజలు తలవంచి గౌరవించు పేరది. క్రొత్తవిద్యకు పాతగౌరవమును జోడించిన ఆ నేర్పును మెచ్చుకొనవలెను. ఉత్తరకాలమున మెక్లీన్ ఇంగ్లండునకు మరలి, నెట్లీలోని సైనిక వైద్యవిద్యాలయమున ఆచార్యుడై, ఉష్ణదేశపు వ్యాధులను గూర్చి దొరబిడ్డలకు పాఠములు చెప్పెను. హైదరాబాదు వీథులలో, ఇతరుల భాషలో పాఠము చెప్పి నేర్చినది ఆ ఆచార్యత్వమునకు పునాది యై యుండునని నా యూహ.

అయితే ఇచ్చట తెలుగువారు మనసున నుంచుకొనవలసిన విషయమొకటి కలదు. నిజాము రాజ్యమున ఏ ఒక్క భాషవారికంటెను తెలుగువారే అధికులు. ఉర్దూ నగరపు భాష, దర్బారు భాష, కచేరీ భాష. వరంగల్లు, నల్లగొండ, కరీంనగరు పల్లెలలోని రైతుకు అది పరాయిభాషయే. ఆసుపత్రికి వచ్చిన కాపు తన నొప్పిని తెలుగున చెప్పుకొనుచుండగా, విద్యార్థి దానిని మనసులో ఉర్దూలోనికి తిప్పుకొని గురువునకు విన్నవింపవలసి యుండెను. 1880ల నడుమ ఆ పాఠశాల ఇంగ్లీషునకు మారినది. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతో వెలసి, అంతకు ముందే ఏర్పడిన అనువాదశాఖ పండితులు శాస్త్రగ్రంథములను రాశులుగా ఉర్దూలోనికి తెచ్చుచుండగా, వైద్యవిద్య తిరిగి ఉర్దూలోనికి వచ్చెను. 1948 తరువాత మరల ఇంగ్లీషాయెను. భారతీయభాషలో వైద్యమును కళాశాలస్థాయిని బోధించుట సాధ్యమని ఉస్మానియా పండితులు నిరూపించిరి; ఆ యశస్సును తగ్గింపరాదు. కాని ఒక్క శతాబ్దిలో మూడుమార్లు భాష మారినను, రోగి భాషకు మాత్రము ఆ తరగతిలో ఆసనము దొరకలేదు. ఆ లోటును పూరించినవారు పుస్తకములలోని ఆచార్యులు కారు. వార్డులో పడకప్రక్కన నిలిచి, 'గుండెదడ' అనగానేమి, 'కడుపులో మంట' అనగానేమి, 'ఒళ్లు సలసల' అనినచో ఏమి గ్రహింపవలెనో, క్రొత్తవానికి ఓపికతో విప్పిచెప్పిన నర్సులును, సీనియరు హాస్పిటల్ అసిస్టెంట్లును.

1885 ప్రాంతమున ఆ పాఠశాలాధిపత్యమును వహించిన ఎడ్వర్డ్ లారీ అసాధారణుడగు బోధకుడు. ఎడిన్‌బరోలో సుప్రసిద్ధ శస్త్రవైద్యుడగు జేమ్స్ సైమునకు శిష్యుడై, క్లోరోఫారము విషయమున గురువు చెప్పిన మాటను వేదవాక్యముగా హైదరాబాదునకు తెచ్చినవాడు. మత్తునిచ్చు విద్యార్థి నాడిని పట్టుకొని కూర్చుండరాదు. ఊపిరిని చూడవలెను — ఇదియే ఆ పాఠము. ఆయన తరగతిని ఊహింపుడు. బల్లపై రోగి పరుండియుండును. తలవైపున, బట్టతో శంకువాకారమున చుట్టిన మూతను చేతబట్టుకొని ఒక విద్యార్థి నిలిచియుండును. మందు చుక్కలు బట్టపై పడుచుండును. విద్యార్థి దృష్టి శస్త్రము వైపు పోరాదు, గురువు ముఖము వైపును పోరాదు. రోగి రొమ్ము ఎక్కిదిగుటపై నిలువవలెను. ఊపిరి తప్పిన క్షణమున మూతను తీసివేసి, దవడను ముందునకు లాగవలెను. శస్త్రచికిత్స చేయుచున్న గురువుకంటె ఆ క్షణమున మత్తునిచ్చు శిష్యుడే రోగి ప్రాణమునకు బాధ్యుడని లారీ బోధించెను. చదువుకొనుచున్న దేశీయ బాలునికి అంత బాధ్యత నప్పగించిన గురువులు ఆనాడు ఎందరు?

తన సిద్ధాంతమును నిరూపించుటకై లారీ 1888లో ఒక పరిశోధకసంఘమును నడిపెను. లండను వైద్యపత్రిక 'లాన్సెట్' దానిని శంకించగా, ఆరవ నిజామగు మహబూబలీఖాను ద్రవ్యసహాయము చేసి, ఆ పత్రిక ప్రతినిధిగా సర్ లాడర్ బ్రంటనును హైదరాబాదునకు రప్పించెను. 1889లో నాలుగువందలకు పైగా జంతువులపై పరీక్షలు జరిగినవి. క్లోరోఫారము మొదట ఊపిరిని ఆపునే గాని గుండెను కాదని ఆ సంఘము తీర్పు చెప్పెను. ఆ తీర్పు నిలువలేదు. 1911లో గుడ్‌మన్ లీవీ, స్వల్పమైన మత్తులోనే క్లోరోఫారము గుండెను హఠాత్తుగా ఆపగలదని పిల్లులపై జరిపిన పరీక్షలతో చూపెను. లారీ తన పట్టును విడువకుండుట శాస్త్రమునకు మేలు చేయలేదని నిష్కర్షగా చెప్పవలసినదే. అయినను రోగి ఊపిరిని రెప్పవాల్చక చూడుమను శిక్షణ వ్యర్థము కాలేదు. సిద్ధాంతము చెడినను క్రమశిక్షణ మిగిలినది. గురువుయొక్క తప్పును దాటి శిష్యుడు ప్రాణములు కాపాడినాడు.

లారీయొద్దకు 1885లో వచ్చిన విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూన్‌జీ యను పారశీకయువతి యొకతె. ఆమె 1889లో హకీము పట్టమును పొంది, హైదరాబాదు ఆసుపత్రులలో క్లోరోఫారము నిచ్చు పనిని నిర్వహించెను. లోకమున తొలి మహిళా మత్తువైద్యురాలని ఆమెను చరిత్రకారులు పేర్కొందురు. ఇరువది యేండ్లు పనిచేసిన పిమ్మటను ఆమె జ్ఞానతృష్ణ చల్లారక, 1909లో ఎడిన్‌బరోకు పోయి మరల విద్యార్థిని యాయెను. అప్పటికి మత్తువైద్యమునకు ప్రత్యేకముగా పట్టమే లేదు గనుక, దానికి ఆధారములైన భౌతిక రసాయనశాస్త్రములను ఆమె చదువుకొనెను. పరదాల వెనుకనుండి పలుకు స్త్రీకి, ఆ పరదాను దాటివచ్చి మత్తునిచ్చిన స్త్రీ ఎంత ధైర్యమును కలిగించి యుండునో వేరుగ చెప్పనేల?

మదరాసున స్త్రీలకు ద్వారము కొంత ముందుగనే తెరువబడినది. 1875లో, పూర్వోక్తుడైన బాల్ఫర్ ప్రోత్సాహమున, మేరీ షార్లీబు మరి మువ్వురు యువతులతో కూడ వైద్యకళాశాలలో ప్రవేశించెను. ఆచార్యులందరును సంతోషించిరని చెప్పజాలము. ఆమె ఇక్కడ చదువు ముగించి, లండనున పట్టముపొంది, 1883లో మరలి వచ్చి, 1885లో ఉన్నతకులస్త్రీలకును ఘోషాస్త్రీలకును ప్రత్యేకముగా ఒక ఆసుపత్రిని నెలకొల్పి, తాను శిష్యురాలుగా సందేహింపబడిన కళాశాలలోనే ప్రసవశాస్త్రమును బోధించెను. 

గుంటూరునకు 1883లో వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ కథ తెలుగువారికి మరింత సన్నిహితము. పెన్సిల్వేనియాలో వైద్యపట్టము పొందిన ఆమెను పంపిన మిషను, మొదట వైద్యము చేయుమని కాదు, బడులలో పాఠములు చెప్పుమనియే పంపెను. ఆమె బడి నడుపుచునే, ఇంట మందులపెట్టె తెరచి, గుమ్మముకడకు వచ్చినవారికి చికిత్స చేయుచు, క్రమముగా తన్ను పంపినవారి మనసును మార్చెను. 1898లో ఆసుపత్రి వెలసెను. అటుపిమ్మట ఆమెకు ఎదురైన ప్రశ్న, నర్సులెవ్వరన్నది. ఇతరుల మలమూత్రముల నెత్తుట, తెలియని పురుషుని పుండు తాకుట పరువుగల యింటి ఆడుబిడ్డకు తగదని ఆనాటి లోకము నిశ్చయించియుండెను. కావున తొలినాళ్లలో ఆ పనికి ముందునకు వచ్చినవారు ప్రధానముగా క్రైస్తవకుటుంబముల బాలికలు. వారిలో అనేకులు మాలమాదిగ వాడలలో పుట్టినవారు. కాథరిన్ ఫాస్ అను అమెరికను నర్సు వారికి శిక్షణ నిచ్చెను.

ఆ బాలికలు నేర్చుకొనవలసినది జ్వరమానిని చదువుట, పక్క మార్చుట, మందు కొలుచుట మాత్రమే కాదు. అగ్రహారపు స్త్రీ దాహమని అడిగినపుడు ఆ చేతినీళ్లు త్రాగునో త్రాగదో తెలియని సందిగ్ధమున, అవమానమును దిగమ్రింగి, మరునాడు అదే స్త్రీకి కట్టుకట్టుట నేర్వవలెను. ఏ పాఠ్యగ్రంథమునను లేని ఈ అధ్యాయమును గురువులు ఎట్లు బోధించిరో మనకు వ్రాసిపెట్టినవారు తక్కువ. వాడలోనున్నపుడు బావిగట్టు నెక్కనీయని ఊరు, జబ్బుపడినపుడు ఆ బాలిక చేయిని తన నుదుటిపై పెట్టించుకొన్నది. కులవ్యవస్థను గూర్చి వేదికలపై జరిగిన ఉపన్యాసములను మనవారు భద్రపరచినంత శ్రద్ధతో, ఆసుపత్రి వార్డులలో నిశ్శబ్దముగా జరిగిన ఈ మార్పును భద్రపరుపకపోవుట మన చరిత్రరచనకు పెద్దలోపమని నేను బాధపడుచున్నాను.

వెల్లూరున ఐడా స్కడ్డర్ 1918లో స్త్రీలకై నెలకొల్పిన వైద్యపాఠశాలను ఇచ్చట స్మరింపకుండుట అన్యాయము. అది మొదట ఎల్.ఎం.పి., అనగా పట్టము లేని లైసెన్షియేటు వైద్యుల, పాఠశాలయే; తమిళ, తెలుగు, మలయాళ దేశముల బాలికలు అచ్చట ఒక్క పంక్తిని కూర్చుండి చదివిరి. 1922లో తొలితరగతివారు ప్రభుత్వపరీక్షలో చూపిన ప్రతిభ, ఆడువారికి ఈ విద్య పట్టుబడదన్నవారి నోళ్లు మూయించెను.

విశాఖపట్టణమున 1902లో వెలసిన వైద్యపాఠశాల ఉత్తరాంధ్రకు ఆసుపత్రి సిబ్బందిని సమకూర్చినది. 1923 జులై 19న పానుగంటి రామరాయణింగారు, అనగా పానగల్ రాజావారు, ముఖ్యమంత్రిగా నుండగా అచ్చట వైద్యకళాశాల ప్రారంభమై, కెప్టెన్ ఎఫ్.జె. ఆండర్సన్ తొలి ప్రిన్సిపాలాయెను. ఆంధ్రదేశమునకు స్వంత వైద్యకళాశాల కలిగినదని ప్రజలు పొందిన గర్వము సహేతుకమే. కాని కళాశాలలు పెరిగినకొలది ఎల్.ఎం.పి. పాఠశాలలపై చిన్నచూపు హెచ్చెను. 1946లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతను వెలువడిన నివేదిక, దేశమున వైద్యులందరికిని ఒక్కటే పట్టము ఉండవలెనని నిర్దేశించెను. లైసెన్షియేటు చదువు అంతరించెను. విద్య ఉన్నతమగుట మంచిదే. అయితే తాలూకా ఊళ్లలో కాపురముండి, సైకిలుమీద పల్లెలకు పోయి, రూపాయి లేనినాడు వంకాయలు తీసుకొని సూది వేసిన ఎల్.ఎం.పి. డాక్టరు స్థానమును పట్టభద్రుడు వెంటనే ఆక్రమింపలేదు. ఆ శూన్యము అనేక సంవత్సరములు ఉండెను. దానిని కాంపౌండర్లు నింపిరి.

ఈ పరంపరలో కడపటిగా దుర్గాబాయమ్మను పేర్కొనవలెను. రాజమహేంద్రవరమున పుట్టి, బాల్యవివాహపు బంధమును తానే తెంచుకొని, స్వాతంత్ర్యోద్యమమున జైళ్లకు పోయి, బడిసాయము లేకయే బెనారసు మెట్రిక్ పరీక్షకు తనంత తానై చదివి నెగ్గిన ఆమె, మదరాసు మైలాపూరున తనవలె చదువు మధ్యలో ఆగిన ఆడుపిల్లలను చేరదీసి, అదే పరీక్షకు వారిని సిద్ధపరుపసాగెను. 1937లో ఆంధ్రమహిళాసభ యైనది ఆ చిన్న తరగతియే. వితంతువులు, భర్తలు విడిచినవారు, పదునెనిమిదేండ్లు దాటినను మూడవ తరగతి దాటనివారు అచ్చటికి వచ్చిరి. చదువొక్కటియే వారికి చాలదనియు, చదువు వెంట చేతికొక వృత్తి కావలెననియు ఆమె ఎరిగి, సభకు ఆసుపత్రిని చేర్చి, నర్సుల శిక్షణను, ప్రసవశిక్షణను నెలకొల్పెను. పిమ్మట కేంద్ర సాంఘికసంక్షేమమండలికి తొలి అధ్యక్షురాలై, ఈ యనుభవమునే దేశమునకు విస్తరింపజేసి, 1958లో వయోజనస్త్రీలకు సంక్షిప్త విద్యాతరగతుల పథకమును ప్రవేశపెట్టించెను. చిన్నపిల్లలు అనేక సంవత్సరములలో చదువు పాఠములను రెండేండ్లలో ముగించి, పరీక్షకు కూర్చుండి, నెగ్గినవారు నర్సుల పాఠశాలకో, ఉపాధ్యాయశిక్షణకో, గ్రామసేవిక పనికో పోవుదురు. పిల్లలు గలవారు తరగతికి వచ్చుటకు వీలుగా వేళలు ఏర్పరుప వలసివచ్చెను. తల్లియొడిలో బిడ్డ యుండగా గుణకారము నేర్పవలసివచ్చెను. ఇంటినుండి బంధువులు వచ్చి గుమ్మముకడ తగవులాడినపుడు ఉపాధ్యాయినియే లేచిపోయి సమాధానము చెప్పవలసివచ్చెను. అట్టి తరగతులనుండి వెడలినవారు ఆంధ్రదేశపు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో మంత్రసానులుగను నర్సులుగను చేరిరి. ఎన్నో యేండ్లకు పూర్వము బాల్ఫర్ తన సొమ్ముతో అచ్చొత్తించిన పుస్తకము చదువలేక పోయిన స్త్రీల మనుమరాండ్రు వారిలో ఉండియుందురు.